గోడవతలి జవాబు

"ఆజీ, పొద్దున్నే గోడనెందుకు కొట్టినవ్? పక్కింటోల్లు వాచ్‌మన్‌ని పంపిచ్చిండ్రు."

ఆజీ ఏందే, అవ్వా అను. మీ నాయినకు తెలుగు నేర్పిన నోరే ఇది, నీ కాడికొచ్చేసరికి మరాఠీ అయి కూసుంది. ఏమన్నడు వాచ్‌మన్? డ్రిల్లింగ్ నడుస్తుందా అన్నడా? ముసల్దాని చేతుల గంటె ఉంటె డ్రిల్లింగ్ అట! కూసో, చెప్త. నాకే అంతా గజిబిజిగుంది బిడ్డా. ఇది కామాటిపురనే అంటరు. మన గల్లీనే, ఒర్సగ అర్రలున్న మన పాత చాల్ కూలగొట్టిన జాగలనే ఈ బిల్డింగ్ లేసిందంటరు. మరి నిద్ర లేస్తె కిటికిల వట్టి ఆకాశం కనవడ్తది. గల్లి ఏది? నల్లా కాడి లొల్లి ఏది? ఏ గోడ అవతల ఎవరున్నరో సమజైతలేదు. తెల్వకనే కొట్టిన.

అది మా నాయిన అలవాటు. నీకు ముత్తాత. పాలమూరు దిక్కెల్లి ఒచ్చిన తాపీ మేస్త్రి. పెద్ద యుద్ధం నడిచేటప్పుడు పటాలంల చేరిండు. తుపాకి పట్టిండనుకునేవు, లే. రోడ్లేసే పటాలం, బర్మా దిక్కు గుట్టలల్ల. ఎవరితోని యుద్ధమంటె, జర్మనోల్లు... కాదు కాదు, జపానోల్లు. నేనప్పుడు మా అమ్మ సంకల ఉన్న, నాకేం గుర్తుంటది. ఎల్లయ్య అని ఊరి దోస్తు, ఇద్దరు ఒక్కనాడే చేరిండ్రు. ఒక్క కంచంల తిన్నోల్లు. ఎల్లయ్య తిరిగి రాలే.

ఎట్ల సచ్చిండంటె, అక్కడనే నాకు తికమక. నాయిన ఒకపారి గుట్ట ఇరిగి పడ్డదనెటోడు, ఒకపారి బాంబు పడ్డదనెటోడు. ఏదైతేంది, ఇద్దరు మట్టి కింద పడ్డరు, నడుమల పెద్ద బండ. ఒకరికొకరు కనవడరు. నాయిన తాపీ పిడితోని బండ మీద కొడితె ఎల్లయ్య అవతల్నుంచి కొట్టిండట. ఉన్నవా అంటె ఉన్న అన్నట్టు. అట్ల చాన సేపు. నాయినను బయటికి గుంజినంక ఆ మట్టి మీద కూసోని మల్ల కొట్టిండు. ఇగ అవతల్నుంచి సప్పుడు లేదు.

ఇంటికొచ్చిండు గాని మనిషి రాలే అనుకో. తలుపు మూస్తె ఉండకపోయెటోడు. గ్యాలరీల కూసోని గ్రాంట్ రోడ్ దిక్కు సూస్కుంట ఉండెటోడు. పునాది తవ్వే కాడికి పోతె చెమటలు పట్టి వాపస్ ఒచ్చెటోడు. మా అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. అప్పటి కిరాయి నీ ఒక్క చాయ పైసలు గూడ కాదు, అది సుత కట్టలేకపోయినం. ఏం చెప్తున్న నేను? ఆ, గోడ.

ఒకనాడు ఎవ్వరికి చెప్పకుంట ఊరికి పోయిండు. ఒచ్చేటప్పుడు ఎల్లయ్య పెండ్లాన్ని తోలుకొచ్చిండు. బాలమణి సిన్నమ్మ. మన పక్క అర్ర ఇప్పిచ్చిండు, ఇటుకలు మోసే పనికి కుదిరిచ్చిండు. మర్నాడు పొద్దుగాల తాపీ తీసి పిడితోని గోడ కొట్టిండు. అవతల్నుంచి ఆమె గంటెతోని కొట్టింది. గంతే బిడ్డా, తలకు రుమాల్ సుట్టుకోని పనికి పోయిండు. అన్ని దినాలు కదలనోడు పోయిండు! మల్ల సచ్చేదాంక ఒక్క దినం పని నాగ పెట్టలే.

మా అమ్మకు మాత్రం కండ్లల్ల నిప్పులు పోసినట్టుండె. "లేవంగనే నా మొఖం సూడడు, ఆ గోడ మొఖం సూస్తడు" అని మూతి ముడుసుకునేది. చాల్‌ల నలుగురు నాలుగు తీర్ల అనుకున్నరు. నాయిన ఆ బండ ముచ్చట సిన్నమ్మకు చెప్పిండు గాని మా అమ్మకు చెప్పడు, ఒక్క మాట చెప్తె అయిపోతుండె. ఆఖరికి ఒకనాడు నల్లా కాడ మా అమ్మ బిందె కింద పెట్టి అడిగేసింది: "నా మొగడు నిన్నెందుకు పిలుస్తడే?" లైన్ల ఉన్నోల్లంత ఇటు తిరిగిండ్రు. బాలమణి సిన్నమ్మ ఏమన్నదో తెల్సా? "నన్ను పిలుస్తలేడక్కా. నా మొగన్ని పిలుస్తుండు. అక్కడ జవాబు రాలే గద, నేనిస్తున్న."

మా అమ్మ సగం బిందెతోనే ఇంటికొచ్చింది. ఆ దినం అన్నంల ఉప్పెయ్య మర్సింది. నాయిన ఆ సప్పిడన్నమే తిన్నడు.

ఇగ అది చాల్ మొత్తం పట్టుకుంది. ఈ అర్రోల్లు కొడితె ఆ అర్రోల్లు, ఆ అర్రోల్లు కొడితె మూల అర్రోల్లు. పిల్లలమైతె మాకదొక ఆట. మూల అర్రల ఒంటి ముసలాయన ఒకపారి జవాబియ్యకపోతె తలుపు పగలగొట్టి దవాఖాన్లకు ఎత్తుకపోయిండ్రు. బతికిండు. మీ తాత ఇల్లరికమొచ్చిన కొత్తల ఏం పిచ్చోల్లమ్మా మీరు అని నవ్విండు. నెల తిరక్కముందే ఆయనే కొట్టుడు షురూ చేసిండు. మీ నాయిన డ్యూటీకి పోతె ఇప్పటికి గడప మీద కొట్టి పోతడు, సూసినవా? ఎందుకని అడిగితె ఆనికే తెల్వదు. నువ్వు సుత ఆఫీస్‌కు పోంగనే 'పోచ్‌లే' అని మెసేజ్ పెడ్తవ్. అది ఎవరు నేర్పిండ్రు నీకు? నవ్వకు. చేరిన అనుడు, ఉన్న అనుడు, ఒక్కటే గద.

నాయిన పోయిన మర్నాడు... ఇల్లంత మందే, గాని పొద్దుగాల సప్పుడు లేదు. అందరం ఆ గోడ దిక్కే సూస్తున్నం. మా అమ్మ లేసింది. మూలకున్న తాపీ తీసింది. కొట్టింది. అవతల ఒక్క గడియ ఏం లేదు. మల్ల గంటె సప్పుడొచ్చింది. ఇటు అమ్మ, అటు సిన్నమ్మ, ఇద్దరు గోడకానుకోని ఏడ్సిండ్రు. మా అమ్మ ఎవర్ని పిలిచిందే? నాయిననా? ఆమెనా? ఇన్నేండ్లాయె, నాకు సమజ్ కాలే. బాలమణి సిన్నమ్మ పోయింది, అమ్మ పోయింది, ఇగ గోడ సుత పోయింది.

కొట్టకు అంటవు. కొట్టకపోతె నేనున్ననో లేదో నాకే తెలుస్తలేదు బిడ్డా. భయమైతది.

ఆ పక్కింటోల్లని ఇగ కొట్టను తియ్. మరి ఈ గోడ? దీని అవతల ఏముంది, లిఫ్టా? నీ అర్రనా! నువ్వు పండేది ఆడనేనా? ముందల చెప్పొద్దా, ఉల్టా దిక్కు గోడ కొట్టిన గద. పో, ఒక్కపారి పోయి కొట్టు. సిగ్గెందుకే, ఫోన్‌తోనైన కొట్టు, పగలదు తియ్.

...

ఎవరూ? సిన్నమ్మా? ...ఆ, నువ్వా. ఇనొచ్చింది. ఇనొచ్చింది బిడ్డా, ఉన్న. పొద్దుగాల లేవంగనే గిట్లనే కొట్టు. సల్లగ బతుకు తల్లీ, ఏ గోడ కొట్టినా నీకు జవాబు రావాలె.