గొర్రెలు పెట్టిన కూడు

ఏం నాయనా, పొద్దున్నుంచి ఆ బూదిదిబ్బ చుట్టూ తిరుగుతాండావంటనే. కూచో, ఆ మంచం మీద కూచో, నవారు వదులైందిగానీ పడిపోవులే. ఆ ఫోను యాడన్నా పెట్టుకో, నా మాటలు పట్టుకుంటే పట్టుకోనీ, ఈ వయసులో నాకేం సిగ్గు. ఏందీ, మీ పుస్తకంలో ఆ తవ్వకం ‘స్థానికుల సహకారంతో’ జరిగిందని రాసినారా? ఎంత బాగా రాసినారప్పా. ఆ స్థానికులెవురో తెలుసునా నీకు? ఒక గొర్రెలాయన, ఆయన గొర్రెలు. వండి వార్చింది ఈ జానీబీ. ఇంగెవురూ ల్యా.

యల్లయ్యన్న అని, ఎట్ల జెప్పాల నీకు, ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. బీడీ అడిగితే సగం తాగింది ఇచ్చేటోడు, అదీ మనసొప్పక. మనుషులతో మాట్లాడేది తక్కువ, గొర్రెలతో ఎక్కువ. మండే ఎండల్లో గూడా భుజాన కంబళి దించడు. ‘ఉడకదా అన్నా’ అంటే ‘గొర్రెలు తీసినాయా, నేను తీసేకి’ అంటాండె. అట్లాంటోడు కాలేజీ పిల్లోల్లకు కూడు పెడతాండాడంటే జమ్మలమడుగు సంతలో గూడా ఎవురూ నమ్మల్యా. ఆ సంతలో ఒకసారి నా చెప్పులు పోయినాయి, కొత్తవి, అది మళ్ళ చెప్తాలే.

అప్పుడు మా ఊరంటే రెండూర్లు నాయనా. పైవీధాయనదొకటి, కిందివీధాయనదొకటి. పేర్లెందుకులే, వాళ్ళ మనవళ్ళిద్దరూ ఇప్పుడు ఒకే కండువా కప్పుకోని ఒకే కార్లో ప్రొద్దుటూరికి పోయొస్తాండారు. ఆ పొద్దు మాత్రం ఎవురింట్లో మెతుకు తింటే వాళ్ళ పార్టీ. మజ్జిగ తాగినా అంతే. మాకిది పుట్టినప్పట్నుంచి తెలుసు. తవ్వకానికొచ్చిన ఆ కాలేజీ అయ్యవారు, త్రివిక్రమరావు సారుకు ఎవురు జెప్పల్ల? పాపం, పిల్లోల్లను ఎంటబెట్టుకోని వచ్చినాడు, దిబ్బమీద గూటాలు కొట్టి దారాలు కట్టినాడు. పైవీధాయన మనిషిని పంపె, ‘మా ఊరికొచ్చి పస్తుంటే మాకు మర్యాదనా సారూ’ అని. పోయి పప్పూ నెయ్యీ వేసుకోని తినొచ్చినాడు. చీకటి పడకముందే కిందివీధోల్లు పీకిపారేసిరి, దిబ్బమీద ఒక్క గూటం ల్యా. అప్పుడెవురో జెప్పినారు సంగతి. సారు చదువుకున్నోడు గదా, బుర్ర పనిచేసింది. తక్కెడ సమం జేద్దామని మర్నాడు తనే కిందివీధాయన ఇంటికి పోయి, ‘ఈ పూట మీ ఇంట్లోనే భోజనం’ అన్యాడు. చూడు మళ్ళ! రెండిండ్లల్లో తిన్యోన్ని ఇంగెవురు నమ్ముతారు? పైనోల్లు కిందోల్లకు మాటలు మోసే ఏగుబిడ్డ అనిరి, కిందోల్లు పైనోల్ల ఏగుబిడ్డ అనిరి. ఆ పిల్లోల్లకు ఊర్లో ఉప్పురాయి గూడా పుట్టల్యా. అంగడాయన బియ్యం బస్తా మీద కూచోనే బియ్యం అయిపోయినాయనె.

సర్కారు దుడ్లు ఉండాయంట, ముందు తవ్వితే తరవాత ఇస్తారంట. ఆ పిల్లోల్లల్లో ఇందిరని ఒక యమ్మి, పులివెందల పూజారోల్ల బిడ్డ, గాలికి పోయేట్టుండె. ఆ దుడ్లు ఆ యమ్మి చదువుకే. ఈ దిబ్బ పోతే చదువు పోయినట్టే. మూట కట్టుకోని బస్సాగే కాడ కూచోని ఏడుస్తాండాది. యల్లయ్యన్న గొర్రెల్ని తోలుకోని ఆ దావన వచ్చినాడు. ఎప్పుడూ ఎవుర్నీ పలకరించనోడు నిలబడినాడు. ‘ఆ దిబ్బలో ఏముండాదమ్మా’ అన్యాడు. ‘వేల ఏండ్ల ముందర మనుషులుండిరి తాతా, ఎట్ల బతికిరో చూడల్లని వచ్చినాం’ అనింది. కంబళి సర్దుకోని, ‘వాళ్ళల్లో పార్టీలుండెనా?’ అన్యాడు. ఏడుపులో గూడా నవ్వొచ్చింది ఆ యమ్మికి. ‘తవ్వితేగానీ తెలీదు తాతా.’ ‘అయితే మూట ఇప్పు’ అన్యాడు.

నీకు తెలుసో ల్యాదో, గొర్రెల మందను రాత్రిళ్ళు చేన్లో నిలిపితే ఆ పెంటకూ ఉచ్చకూ పైరు ఇరగబడి పండుతాది. రైతులు బతిమాలి నిలిపించుకుంటారు, బదులు గింజలు కొలుస్తారు. యల్లయ్యన్న మంద పైవీధి చేన్లోనూ పడుకుంటాది, కిందివీధి చేన్లోనూ పడుకుంటాది. ఊరంతటికీ రెండు చేన్లూ తొక్కగలిగేటివి ఆ గొర్రెలే. ఆ గింజలు నా ఇంట్లో పడేసి, వండు జానీబీ అన్యాడు. సంగటి కెలికేదాన్ని, శెనక్కాయల ఊరిబిండి, అదే మీ పచ్చడి, నూరేదాన్ని. ఆ పూజారోల్ల యమ్మి మొదుట్లో నా కుండను చూసి మొగం అటు తిప్పె. ఆకలి నేర్పింది. పోయేనాటికి ‘ఇంగో ముద్ద ఎయ్యి జేజీ’ అనేదాకా వచ్చె.

పైవీధాయన ఊరుకుంటాడా? పిలిపించినాడు. ఆయన గొంతు గంగాళంలో మాట్లాడినట్టుంటాది: ‘ఏమిరా యల్లయ్యా, ఆ పిల్లోల్లకు కూడెవురు పెడతాండారు?’ ‘గొర్రెలప్పా.’ ‘గొర్రెలకెవురు ఇస్తాండారు?’ ‘నువ్వే గదప్పా. ఇష్టం లేకుంటే చెప్పు, ఈ యేడు మందంతా కిందివీధి చేన్లోనే నిలుపుతా.’ పక్కోని శెనక్కాయ తనకంటే బాగా పండితే సచ్చిపోడా ఆ మనిషి? కిందివీధాయన కాడ గూడా ఇదే పాట పాడొచ్చినాడు. మీ చదువుకు దుడ్లు ఇచ్చింది పెంట నాయనా, నవ్వకు. ఆ బూది గూడా పాతకాలం పశువుల పేడ కాలిన బూదేనంట గదా. ‘పేడతో పేడను తవ్విస్తాండా’ అని యల్లయ్యన్న గూడా నవ్వేటోడు.

ఎందుకు జేసినాడంటావు. అంతకుముందే, ఆయన తమ్ముడు చిన్నసుబ్బయ్య, ఏ పార్టీ గాదు, ఎవురిదో అరుగుమీద కూచోని టీ తాగుతాండాడు. ఆ అరుగుమీద బాంబు పడె. అంతే. ఎవుర్నీ ఏమీ అన్ల్యా యల్లయ్యన్న, మాట తగ్గించుకున్యాడు. అందుకే పొద్దున్నే మంద తోలకముందు గుంత కాడికి పోయి, ‘తెలిసిందా అమ్మా, వాళ్ళది ఏ పార్టీ?’ అనేటోడు. మేమంతా ఎగతాళి జేసేటోల్లం. ఒక పొద్దు గుంతలో గట్టిపడిన మట్టిమీద గిట్టల గుర్తులు బయటపడె. మంద నిలిపిన తావంట. అబ్బ, ఆ పొద్దు ఆయన మొగం చూడల్ల నువ్వు. నాకు బీడీ ఇచ్చినాడు, కొత్తది! నేను బీడీ తాగనని గూడా గుర్తు ల్యా. ‘గొర్రెలోల్లు జానీబీ, మావోల్లే, వాళ్ళకు పార్టీ యాడుంటాది’ అని ఊరంతా తిరిగి చెప్పె. అవి ఎద్దుల గిట్టలని ఆ యమ్మి ఎంత జెప్పినా వినల్యా.

తరవాత రాతిగొడ్డలి దొరికింది. నున్నగా, అంచు పదునుగా. ఇందిర సంతోషంగా తెచ్చి చూపించె. ఆయన చేతిలో పెట్టుకోని తిప్పి తిప్పి చూసినాడు. ‘ఇదెందుకమ్మా?’ ‘చెట్లు కొట్టేకి తాతా.’ ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టి, ‘మా ఊర్లో గొడ్డండ్లు గూడా చెట్లు కొట్టేకే గదమ్మా’ అన్యాడు.

ఇంగ కూడు ఆపేస్తాడనుకున్యా. సాయంత్రం గింజలు తెచ్చి ఎప్పటిమాదిరే పడేసినాడు. ‘ఇంకా కిందికి తవ్వమని జెప్పినా జానీబీ, వాళ్ళకంటే ముందరోల్లు ఉండారేమో’ అన్యాడు. బండ తగిలిందాకా తవ్వినారు నాయనా. బండ తగిలిందాకా పెట్టినాడు.

నువ్వు మద్యాన్నం ఎవురింట్లో తిన్యావు?