వేరుకు చెప్పిన మాట

టమాటా నారు పెంచే షెడ్డులో, మధ్యాహ్నం పూట, ఒక అక్క, ఆమె తమ్ముడు.

“ప్రాణం పోతే ఆకు వాడదా? వాడలేదుగా. మరి చచ్చిందంటావేంటక్కా?”

“ఆకు సంగతి నేనడిగానా? ఇలా వెలుతురులోకి రా. ఈ వేరు చూడు.”

“చూశా.”

“ఏం చూశావు? కొస చూడు.”

“కొస... కొసలాగే ఉంది.”

“వేరు కొస నున్నగా, తెల్లగా ఉండాలి. నూగు ఎక్కడో పైన మొదలవ్వాలి. దీనికి చూడు, కొసదాకా నూగే. పసిపిల్లాడికి గడ్డం వచ్చినట్టు.”

“గడ్డం వస్తే మంచిదే కదా, ఎదిగాడని.”

“నీకు నవ్వులాటగా ఉందా?”

“లేదక్కా, ఊరికే అన్నా. టీ తెప్పించనా?”

“నీ టీ తగలెయ్య. వీటికి ఏ మందు పోశావు?”

“నువ్విచ్చిందే.”

“నేనిచ్చింది తెల్ల మూత సీసా. అదిగో, నీ గూట్లోనే ఉంది. సీలు కూడా తియ్యలేదు.”

“అంటే... ఆ రోజు మీ ల్యాబులో మూడు వరసలు చూపించావు చూడు. మొదటిదానికి ఉత్త నీళ్ళు. రెండోది నీ తెల్ల మూత. అది సాగిపోయి పల్చగా ఉంది, ఎవడు కొంటాడు దాన్ని? మూడో వరస పొట్టిగా, దిట్టంగా, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోంది. దాని సీసా బల్ల మీదే ఉంటే...”

“తెచ్చుకున్నావు.”

“నువ్వు ఫోన్లో ఉన్నావు. అడుగుదామనే అనుకున్నా.”

“అది పోలిక కోసం పెట్టిన వరసరా! వేరు ఎలా ఆగిపోతుందో చూడ్డానికి పెట్టాం.”

“నర్సరీవాణ్ణక్కా నేను. నారుని ఆకు చూసి కొంటారు. వేరు పీకి ఎవడు చూస్తాడు?”

“ఇప్పుడు చూడు మరి. వేరు కొసలో గుప్పెడు కణాలుంటాయి. ఒక్కోటీ రెండవుతుంది. ఒకటి వేరులో కలిసిపోతుంది, ఇంకోటి మళ్ళీ రెండవ్వడానికి అక్కడే ఉండిపోతుంది. వాటి మధ్యలో కొన్ని, ఇంట్లో పెద్దాళ్ళలా కదలకుండా కూర్చుంటాయి. వాటి పనల్లా పక్కవాటికి కబురు పంపడమే. నువ్వప్పుడే ఏదీ అయిపోకు, ఇక్కడే ఉండు అని.”

“కబురంటే? వాటికి నోరుందా?”

“చిన్న ప్రొటీన్ ముక్కలాంటిది. ఒకటి వదుల్తుంది, పక్కది అందుకుంటుంది. ఇంకో రకం కబురు కూడా ఉంటుంది. ఇక చాలు, స్థిరపడు అని. ఏది ఎంత చెప్పాలో అంతే చెబితే వేరు సాగుతుంది. నీ సీసాలో ఉన్నది ఆ రెండోదే. అదీ వెయ్యి గొంతులతో.”

“అయితే అన్నీ స్థిరపడ్డాయన్నమాట.”

“అన్నీ. మళ్ళీ రెండయ్యేది ఒక్కటీ మిగల్లేదు. విత్తనాలకి దాచుకున్న గింజలు కూడా వండుకు తినేస్తే ఏమవుతుంది? అదే అయింది.”

“పక్క వేళ్ళు పుడతాయి కదక్కా?”

“వాటి కొసలూ ఇంతే, చూశా. రెండు పూటలా నువ్వు నీళ్ళు పట్టి, ఎరువు తాపుతున్నావు కాబట్టి పైకి పచ్చగా ఉన్నాయి. పొలంలో పెడితే వారం తిరక్కుండా పడిపోతాయి.”

“వారమా? రెండో రోజుకే.”

“నీకెలా తెలుసు?”

“అదే... ఎండలు అలా ఉన్నాయి కదాని.”

“మొత్తం షెడ్డుకి పోశావా?”

“సగానికే. మిగతా సగం మామూలు నారే. అది బుక్ చేసుకున్నవాళ్ళు పట్టుకెళ్ళిపోయారు.”

“హమ్మయ్య. ఈ సగం ఎవరికీ ఇవ్వలేదు కదా?”

“ఎవరికిస్తాను?”

“నన్నడుగుతావేంటి? ఈ సగంలో కూడా ఆ చివర అరలన్నీ ఖాళీగా ఉన్నాయేం?”

“కడిగి ఆరబెట్టాం.”

“తమ్ముడూ.”

“...చెల్లికి పంపా.”

“దానికి చోటెక్కడుందిరా? మిరప కాపు మీదుందిగా!”

“నారు వచ్చేసింది కదాని పీకేసింది.”

“పీకొద్దని చెప్పలేకపోయావా?”

“ఎందుకొద్దంటే ఏం చెప్పను?”

“అయ్యో. మొగుడు పోయాక దానికీ పిల్లలకీ ఉన్న ఆధారమల్లా ఆ పొలం చెక్కేరా.”

“నాకు తెలీదా అక్కా?”

“సరే, ఏడవకు. ఏడవకంటున్నానా. సీసా బల్ల మీద వదిలేసింది నేను. నువ్వు మంచి నారనుకున్నావు, తోడబుట్టిందని దానికిచ్చావు. తప్పేముంది? ఫోన్ చెయ్యి.”

“నువ్వే చెయ్యక్కా. నావల్ల కాదు.”

“స్పీకర్లో పెడుతున్నా... చెల్లీ, నేనే.”

“అక్కా! ఇప్పుడే నిన్ను తలుచుకుంటున్నా, నిండు నూరేళ్ళు నీకు. నారు నాటడం అయిపోయింది. ఎండకి కాస్త తలలు వాల్చాయి, చల్లబడ్డాక లేస్తాయిలే.”

“లేవవే.”

“ఏంటీ?”

“లేవవు. వాటి వేళ్ళు ఆగిపోయాయి. మందు తారుమారైంది. నా ల్యాబులో మందే. నువ్వెన్ని నీళ్ళు పెట్టినా అవి తాగలేవు. వింటున్నావా?”

“వింటున్నా.”

“ఏదో ఒకటి అనవే.”

“వేరే నారుందా అక్కా?”

“లేదు. కొత్తది పెంచేసరికి అదను దాటిపోతుంది.”

“మిరప చెట్లు ఇంకా గట్టు మీదే ఉన్నాయి. పూత కూడా రాల్లేదు. మళ్ళీ పాతితే...”

“బతకవు తల్లీ.”

“అంతేలే. అన్నయ్య పక్కనే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“తననేమీ అనకు. అసలే భయస్తుడు. పాపం, ఆటో కిరాయి కూడా తనే పెట్టుకున్నాడు. ఉంటానక్కా, పిల్లలొచ్చే వేళయింది.”

“చెల్లీ... పెట్టేసింది. విన్నావా? నోటికాడ కూడు పోయినా నిన్ను తిట్టొద్దంటోంది.”

“విన్నా.”

“నాకదే కడుపు తరుక్కుపోతోంది. మామూలు సగంలోంచి దానికిచ్చి ఉంటే గట్టెక్కేది. నీకు మాత్రం ఏం తెలుసు, చూడ్డానికి ఇదే బాగుందాయె.”

“తెలుసక్కా.”

“ఏం తెలుసు?”

“మందు పోసిన ట్రే ఒకటి ముందే మా పెరట్లో నాటి చూశా. రెండో రోజుకే పడిపోయింది. అందుకే మంచివి బయటివాళ్ళకి పంపా. ఇవి వాళ్ళకిస్తే షెడ్డు తగలబెడతారు. చెల్లయితే ఏమీ అనదు.”