అద్దంలో కుడిచెయ్యి

బహ్రెయిన్, 1986. మనామాలో అమెరికా వాళ్ళ కోసం పెట్టిన ఒక హోటలు. శుక్రవారం మధ్యాహ్నం, ఇంకా తలుపులు తియ్యలేదు.

"కదలకు రాజనర్సన్నా! అద్దంలోకి చూడు, నాకేసి కాదు."

"అద్దంలనే సూస్తున్న తమ్మీ. అండ్ల నువ్వే కనవడ్తున్నవ్."

"ఓరి నాయనో! నేను కనపడితే ఫోటోలోనూ పడతాను. ఉండు, పక్కకి జరుగుతాను."

"ఒక్క ఫోటోకు గింత కథనా, ఎలియేజరు?"

"ఒక్కటే మిగిలింది మరి. మొదటిది అద్దంలా మెరిసే ఆ స్టీలు గోడలో తీస్తే ఏమైందో చూశావుగా."

"సూసిన. చెయ్యి గుమ్మడికాయంత, తల నిమ్మకాయంత."

"ఇక్కడ తినడానికొచ్చే ఆ కెమెరా అమెరికావోడు రోజూ ఆ గోడల్లోనే తీస్తాడన్నా. మనుషుల్ని తియ్యడు. అద్దంలో మనుషుల్ని, కాఫీ మిషనులో మనుషుల్ని తీస్తాడు. నిమిషంలో ఫోటో బయటికొచ్చేద్ది, దాన్ని చూసుకుని మురిసిపోతాడు. ఓ రోజు తన ఫోటోయే చూపించి, చూడు, నా కుడి ఎడమైపోయింది అని నవ్వాడు. నేను గిన్నెలు తోముతున్నవాణ్ణి తోముతున్నట్టే ఆగిపోయాను. నీ సంగతి తట్టింది."

"కెమెరా ఇచ్చిండా, సెప్పకుంట తెచ్చినవా?"

"ఇచ్చాడులే. సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. ఏదీ, చెయ్యెత్తు."

"ఏ చెయ్యి?"

"ఉన్న చెయ్యే అన్నా."

"ఔ, ఉన్నదొక్కటే గదా."

"కోపమొచ్చిందా?"

"నీ మీద కోపమెందుకుర. నాలుగు నెల్లాయె. పొద్దుగాల లేవంగనే ఇంకా ఆ లేని చెయ్యితోనే కండ్లు నులుముకోవోత."

"ఎత్తన్నా. ఆ... చూశావా? అద్దంలో కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. పోయింది ఎడమది. ఉత్తరంలో ఏం రాశామో అదే."

"నువ్వు రాసినవ్."

"నువ్వు చెబితేనే కదా రాశాను! ఇనుము కోసే మిషనులో కుడిచెయ్యి పడిందని ఉన్నదున్నట్టు రాద్దామన్నాను. వద్దు వద్దన్నది నువ్వు."

"ఎడమదంటే ముత్తెమ్మ ఎట్లనో ఓర్సుకుంటది. కుడిదంటే, అన్నమెట్ల తింటడు, పనెట్ల జేస్తడు అని అది కూడు ముట్టది. నాకెర్క గదా నా పెండ్లాం."

"ఇంటికెళ్ళిన్నాడు ఏం చేస్తావు మరి?"

"పోయినప్పుడు గదా! పాస్‌పోర్టు నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ దగ్గరుంది. చెయ్యి పోయిన కేసు ఖలాస్ కానియ్యి అంటడు. ఎప్పుడయితదంటే ఆకాశం దిక్కు సూపిస్తడు. నేనేం జేద్దునో చెప్పు."

"సరే, సరే, కానీ. మంగరాజు ఇవాళే ఊరెళ్తున్నాడు, విమానం నాలుగింటికి. పోతూ పోతూ ఇక్కడ బండాపుతానన్నాడు. బొంబాయిలో దిగ్గానే పోస్టు డబ్బాలో వేసేస్తాడు. నీ గొడవేం చెప్పలేదులే, ఉత్తరం అన్నానంతే."

"తమ్మీ, ఆగాగు! మచ్చ!"

"ఏం మచ్చ?"

"నా ఎడమ చెంప మీద మచ్చ. అద్దంల కుడి చెంపకు పోయింది. ముత్తెమ్మ సూడంగనే పట్టేస్తది."

"అయ్యబాబోయ్, అది చూసుకోలేదు. ఉండు, మైదాపిండి పులిమేద్దాం. అవతలి చెంపకి కాఫీపొడితో చుక్క పెట్టేస్తాను."

"అది నన్ను నమ్మి కూసున్నది. మనం పిండి రాసుకుంటున్నం."

"ఏడవకన్నా, మైదా కరిగిపోద్ది."

"ఏడుస్తలేను. పిండి కంట్ల వడ్డది."

"చెయ్యి ఇంకాస్త పైకి. వేళ్ళు విప్పు, అయిదూ కనపడాలి. కుడిచెయ్యే చూపించమంది కదా వదిన, మాటలు నింపి పంపిన టేపులో."

"ఔ. నిలువు ఫోటో దిగు, కుడిచెయ్యి లేపి సూపియ్యి అన్నది. కుడిది మంచిగున్నదని రాస్తిమి, మళ్ళ దాని మీద ఏం అనుమానమో."

"నువ్వూ ఓ టేపులో నాలుగు మాటలు చెప్పి పంపితే తీరిపోయేది."

"మాట్లాడవోతే ఏడ్సుడే ఇనవడ్తది."

"నవ్వు. అలా కాదు, పెళ్ళికెళ్ళినట్టు నవ్వు. అయిపోయింది! వస్తంది, వస్తంది... ముట్టుకోకు... అదిగో!"

"అబ్బ. నా కుడిచెయ్యి తమ్మీ."

"నీ కుడిచెయ్యే అన్నా."

"ఎంత మంచిగున్నదిర. జెర సూడనియ్యి."

"చూసింది చాల్లే. వెనకాల వేలిముద్ర వెయ్యి, ఎప్పటిలాగే. ఇదిగో ఇంకు."

"ఎడమ బొటనవేలే ఉన్నది."

"ముద్రకి కుడేంటి, ఎడమేంటి! పోయిన రెండు ఉత్తరాలకీ అదేగా వేశావు. నల్లగా పడితే చాలు."

"వడ్డది. ఆరనియ్యి."

"హారను! మంగరాజే. ఇటియ్యి, ఒక్క పరుగున ఇచ్చేసొస్తాను."

"పైలం తమ్మీ! మడత వడనియ్యకు!"

"..."

"ఇచ్చినవా?"

"ఇచ్చేశాను. అడ్రసు రాసిన కవర్లో పెట్టే ఇచ్చాను, జేబులో వేసుకున్నాడు. బండాపలేదు కూడాను, అద్దం దించి చెయ్యి చాపాడంతే. ఈపాటికి ఎయిర్‌పోర్టుకెళ్ళే ముహర్రక్ వంతెన ఎక్కేసుంటాడు."

"వారం దినాలల్ల ముత్తెమ్మ చేతుల వడ్తది. ఇగ పానం నిమ్మలమైతది దానికి."

"నీక్కూడా. మొఖం కడుక్కో, ఓనరొచ్చి చూస్తే దయ్యమనుకుంటాడు. నీ టేపు ఇటియ్యి, గిన్నెలు తోముకుంటూ వింటాను. రెండోపక్క పాటలున్నాయన్నావుగా?"

"ఔ, పాటల టేపే. ఒకదిక్కు చెరిపి మాట్లాడిండ్రు, అమ్మ, పిల్లలు, ముత్తెమ్మ, అందరు కూసోని. రెండోదిక్కు నేను పెట్టనే లేదు."

"పెట్టాను. ఇదేంటి, పాట రాదేం?"

"ఆగు. గది... గది ముత్తెమ్మ గొంతు!"

"అన్నా, ఉత్తరాలు రాసే అన్నా. నువ్వెవలో నాకెర్క లేదు. ఆ దిక్కు మా అత్త ముంగట మాట్లాడిన. ఈ దిక్కు ఒక్కదాన్నే గొళ్ళెం పెట్టుకొని మాట్లాడుతున్న."

"నన్నేనా అనేది?"

"ఇనుర!"

"నా మొగని కుడి బొటనవేలికి గాటుంటది. వరికోతలప్పుడు నా కొడవలే తాకి తెగింది. ఆరేండ్ల సంది ప్రతి ఉత్తరం మీద ఆ గీత సూసినంకనే సదివిచ్చుకున్న. గీత లేకుంట రెండు ఉత్తరాలొచ్చినయ్. గొంతు పంపుమంటే పంపుతలేరు."

"అన్నా... మనం వేసిన ముద్ర..."

"కుడిచెయ్యి మంచిగున్నదని రాస్తిరి. మరి ఆ వేలు ఏమాయె? ఆయన లేడు, నన్ను సముదాయించెటందుకు ఎవలో వేలు ఒత్తుతున్నరు అని నా మనసు కొట్టుకుంటాంది."

"ఉరుకు ఎలియేజరు! బండిని ఆపు!"

"దేన్నెక్కి పోతామన్నా? ఈపాటికి ఎయిర్‌పోర్టు లోపలికెళ్ళిపోయుంటాడు."

"ఇంకో ఫోటో తియ్యి! ఉన్నదున్నట్టు తియ్యి!"

"అయిపోయాయన్నా. తీసినా, అదే ముందు చేరుద్ది."

"అందుకే అన్నా, చెయ్యి లేపి ఫోటో దిగుమన్న. ఎవలకు చెప్పకుంట ఎదురుసూస్తున్న. మొఖం పోలినోన్ని తెచ్చి నిలవెడ్తరేమో, గాటును తేలేరు. ఆ గాటు కనవడ్తే నా మొగడు బతికున్నట్టు. గాటు లేని వేలొచ్చిన దినం, నేను గాజులు పలగ్గొట్టుకుంట."