సంతకం పెట్టొద్దన్న మంగతాయారు గారు

1994వ సంవత్సరం జూన్ పదమూడవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి మంగతాయారు గారు యానాంలోని మన న్యాయసహాయ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. ముప్పై ఒక్క సంవత్సరాలు పైచిలుకు సేవ చేసి, సూపరింటెండెంటు హోదాలో ఈ జనవరి ముప్పై ఒకటవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు.

చేరిన తొలి ఏళ్లలో ఆవిడ పని దస్త్రాలు కుట్టడం, అర్జీలకు నంబర్లు వేయడం. పుదుచ్చేరి నుంచి వచ్చే ఉత్తర్వుల ఇంగ్లీషును ఇక్కడి కనకాలపేట వాళ్లు మాట్లాడుకునే తెలుగులోకి దించి చెప్పడంలో ఆవిడను మించినవారు మన కార్యాలయంలో లేరు. చేపల వేటకు వెళ్లేవాళ్లు, ఆటోవాళ్లు, రొయ్యల చెరువుల కూలీలు ముందు ఆవిడ బల్ల దగ్గరకే వచ్చేవారు. వకీలు గారి దగ్గరకు ఆ తర్వాతే.

ఇక్కడివరకే రాసి ఆపితే సన్మాన సభకు రానని మంగతాయారు గారు తేల్చి చెప్పారు. "నా తప్పు ఒకటుంది. అది కూడా రాయండి. పిల్లలున్నవాళ్లు చదువుతారు" అన్నారు. అందుచేత, ఆవిడ అనుమతితోనే రాస్తున్నాము.

1999లో అడవిపొలం నుంచి తెరేసా అనే తల్లి వచ్చింది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను సైకిలు మీద తిరిగేవాడొకడు పాత కూల్‌డ్రింకు సీసాలో పోసి అమ్మాడు. నాలుగేళ్ల కొడుకు అది తాగే వస్తువే అనుకుని తాగేశాడు. "ఆ అమ్మినవాడి మీద ఏమైనా చెయ్యొచ్చా అండి?" అని తెరేసా అడిగింది. మంగతాయారు గారు రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే, "పసిపిల్లాడున్న ఇల్లు కదమ్మా, పైన పెట్టుకోవద్దా?" అన్నారు. తెరేసా పైట సర్దుకుని మెట్లు దిగిపోయింది.

మూడో నెలలో పిల్లాడు పోయాడు. సంగతి తెలిసి మంగతాయారు గారు అడవిపొలం వెళ్లారు. తెరేసా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "మీరన్నది నిజమేనండి. నేనే చంపుకున్నాను" అంది. ఆ గ్లాసులో నీళ్లు తాగలేక, కింద పెట్టలేక ఎంతసేపు కూర్చున్నారో ఆవిడకే తెలియదు.

ఆ తర్వాత ఆవిడ చట్టం చదవడం మొదలుపెట్టారు. పరీక్షల కోసం కాదు. పదోన్నతులు వచ్చాయి, కళ్లద్దాలు మారాయి, అంగన్‌వాడీలకు వెళ్లి తల్లులతో చెప్పే మాట మాత్రం మారలేదు: "ముందు ఆసుపత్రికి పరుగెత్తండి. వాంతి చేయించకండి. తాగిన సీసా పట్టుకెళ్లి, ఏం తాగాడో డాక్టరు గారి చేత రాయించండి. సీసా, మూత, సీసాకి అంటించిన చీటీ, కాలిన బట్ట ఏదీ పారెయ్యకండి. పోలీసు కంప్లయింటు వేరు, వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేరు, రెండూ చెయ్యొచ్చు. కమిషన్‌కి రెండేళ్లే గడువు, దాటనివ్వకండి."

2024 సెప్టెంబరులో కనకాలపేట ఆటో డ్రైవరు లక్ష్మణరావు, భార్య దుర్గాశ్రీ, తల్లి రమణమ్మ ఒక కాగితంతో వచ్చారు. వచ్చింది కేసు వేయడానికి కాదు, ఆ కాగితం మీద ముద్ర వేయించుకోవడానికి. రెండేళ్ల కిందట వారి పాప వీణ, అప్పటికి రెండేళ్ల పిల్ల, సింకు గొట్టాలు శుభ్రం చేసే మందు తాగింది. గొంతు లోపల కాలి మూసుకుపోయింది. మూడు వారాలకోసారి కాకినాడ తీసుకెళ్లి గొట్టం వేసి వెడల్పు చేయించాలి. వైద్యం తామే చేయిస్తామని కంపెనీ మనిషి రెండేళ్లూ ఇవాళా రేపూ అంటూ తిప్పి, చివరకు ఈ కాగితం ఇచ్చాడు.

మంగతాయారు గారు చదివారు. తల్లి అజాగ్రత్త వల్లనే ప్రమాదం జరిగిందనీ, కంపెనీపై ఎక్కడా ఫిర్యాదు చేయబోమనీ అందులో ఉంది.

"ఇది చదివావా అమ్మా?"

"చదివానండి. రాసింది నిజమే కదండి" అంది దుర్గాశ్రీ.

"మరేనండి, సీసా కింద పెట్టింది ఇదేగా!" అని రమణమ్మ అందుకుంది. "రెండేళ్లయి చెప్తన్నాను, దీని బద్ధకమే పిల్ల గొంతు మీదకి తెచ్చిందని."

మంగతాయారు గారు ఈసారి తల ఎత్తారు. "సంతకం పెట్టకు. ఆ సీసా ఏది?"

"మంచి సీసా కదండి, నూనె పోసుకుందామని కడిగి బోర్లించాను" అంది రమణమ్మ.

"మూత?"

"ఉందండి."

"చీటీ?"

"ఆయ్, గీకినా ఊడలేదండి, పాడు బంక."

మందు పోయింది గాని సాక్ష్యం మిగిలింది. గట్టిగా బిగించినా చిన్నపిల్ల చేతికి అరతిప్పులో వచ్చే మూత. చీటీ మీద పెద్ద నిమ్మకాయ బొమ్మ. ప్రమాదమన్న మాట అడుగున, చీమ తలకాయంత ఇంగ్లీషులో. "సరుకులో లోపం ఉంటే, తగిన హెచ్చరిక లేకపోతే, తయారుచేసినవాడు జవాబు చెప్పాలి. ఆడవాళ్లకీ పిల్లలకీ ప్రభుత్వమే ఉచితంగా వకీలుని ఇస్తుంది" అని చెప్పి, గడువెంతుందో లెక్క చూశారు. పదకొండు రోజులు. ఆసుపత్రి రికార్డులు తెప్పించి, వకీలు గారిని కూర్చోబెట్టి, ఫిర్యాదు దాఖలు చేయించేటప్పటికి రెండు రోజులే మిగిలాయి.

విచారణకు ముందు దుర్గాశ్రీ, "పైన పెట్టానని చెప్పమంటారా అండి?" అని అడిగింది.

"అబద్ధం ఆడకు. కింద పెట్టానని చెప్పు. మూత బిగించానని కూడా చెప్పు. రెండూ నిజమేగా."

ఆమె అలాగే చెప్పింది. మొన్న డిసెంబరులో తీర్పు వచ్చింది. మంగతాయారు గారు మన కార్యాలయంలోనే దాన్ని తెలుగులో చదివి వినిపించారు. పసిబిడ్డలున్న ఇళ్లలో వాడే సరుకుకు పసిచేతికి రాని మూత పెట్టవలసిన బాధ్యత తయారీదారుదేననీ, ఆ బాధ్యతను తల్లి మీదకు నెట్టడం చెల్లదనీ అందులో ఉంది.

"ఆ ముక్క ఇంకోసారి చదవండి. మా అత్తగారికి వినపడాలి" అంది దుర్గాశ్రీ.

ఆవిడ మళ్లీ చదివారు. రమణమ్మ కోడలి ఒళ్లోంచి పిల్లను అందుకుంటూ, "ఇలా తే. పొద్దున్నించీ మోస్తన్నావు" అంది.

కథ అక్కడితో తీరలేదు. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. ఐదేళ్ల వీణకు ఈనాటికీ జావే గాని అన్నం మెతుకు దిగదు. అప్పీలు విచారణ ఫిబ్రవరి నెలాఖరున ఉంది. "అప్పటికి మీరు ఉద్యోగంలో ఉండరు కదండి, వస్తారా?" అని దుర్గాశ్రీ అడిగితే, "ఇకనుంచి సెలవు చీటీ కూడా పెట్టక్కర్లేదు కదమ్మా" అన్నారు మంగతాయారు గారు.

వారికీ, ఇన్నేళ్లూ భోజనం వేళకు ఆవిడ ఇంటికి రాకపోయినా నొచ్చుకోని భర్త కృష్ణమూర్తి గారికీ సంపూర్ణ ఆరోగ్యం కలగాలని కోరుతున్నాము. ఆ అప్పీలు తేలి, వీణ తన చేత్తో కలుపుకున్న ముద్ద తానే మింగే రోజును కళ్లారా చూసేటంత దీర్ఘాయువు మంగతాయారు గారికి లభించాలని సహోద్యోగులమంతా మనసారా ఆకాంక్షిస్తున్నాము.