ఎదుటి కుర్చీ

(సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక బెంగాలీ వార్తా చానెల్ వారి నాలుగో అంతస్తున, సత్యానికీ అసత్యానికీ ఒకే డబ్బాలోంచి పౌడరు అద్దే గది. సాయంత్రం అయిదు గంటల చర్చకు ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది.)

"...అది కాదు దాలమ్మా, మూడు రోజులు పనికి రాకపోతే జ్వరమేమో అనుకున్నాను. అంట్లగిన్నెలు సింకు దాటి వచ్చి వంటగట్టు మీద నిండు సభ తీర్చాయి. నువ్వేమో ఇక్కడ, నా పక్క కుర్చీలో, మెడకు కాగితం చుట్టుకుని పౌడరు రాయించుకుంటున్నావు! ఏమిటీ వింత?"

"టీవీలో మాటాడమన్నారు బాబూ. మీరూ దానికే కదేటి ఒచ్చినారు."

"నేను రావడం వేరు. నేను వారానికి రెండుసార్లు వస్తాను. భాస్కరరావు అని నా పేరు వేసి, దాని కింద 'బుద్ధిజీబీ' అని వేస్తారు. అంటే బుద్ధిని నమ్ముకుని బతికేవాడని. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం బోధించినా దక్కని బిరుదు, ఇక్కడ ఒక్క పౌడరు పూతతో దక్కింది."

"నాకు తెల్దేటి బాబూ. ఇరవై రెండేళ్ళ నుంచి మీ ఇల్లు తుడుత్తన్నాను. అద్దం ముందర నిలబడి మీరు వల్లించుకున్నయన్నీ ఇన్నాను. ఆసుపత్రిలో రెండు దినాలు కరెంటు పోయినపుడు..."

"అదిప్పుడెందుకు?"

"...సీకట్లో రోగులకి నిద్ర బాగా పడతాది అన్నారు."

"'పడుతుందన్న వాదన కూడా ఒకటున్నది' అన్నాను. రెంటికీ మధ్య హుగ్లీ నది అంత తేడా ఉంది. సరే, ఆ సీసా ఏమిటి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నావు?"

"మా టైంకల్ నీళ్ళు. పొద్దున్న ఆరింటికి ఇప్పుతారు కదా, ఆ కుళాయి. మూత తియ్యమంటారా?"

"వద్దు వద్దు! మూత ఉండగానే తెలుస్తున్నది. ఇది నీళ్ళేనా? కాఫీ డికాక్షన్‌లా ఉంది."

"పది దినాల నుంచి ఇలగే ఒస్తన్నాది. మురుక్కాలవ గొట్టం ఇందులో కలిసిపోనాదంట. మా లైన్లో పదకొండు మంది పిల్లలు వాంతులు, ఇరేసనాలతో పడ్డారు బాబూ."

"మీ లైను అంటే... ఓడల డాక్ వెనకాల బస్తీ? మీ వార్డా? నాకు 'నీటి చుట్టూ రాజకీయం' అని మాత్రమే చెప్పారు. ఏ నీరో, ఎవరి నీరో... రోజా? నీ మనవరాలు రోజా ఎలా ఉంది?"

"సెలైను ఎక్కిత్తన్నారు. కళ్ళు లోనికెళిపోనాయి. నిన్న నన్ను గుర్తుపట్టింది, ఇయాళ పట్టనేదు."

"దాలమ్మా!"

"మరియదాసు కూతురు పోనాది. నిన్న పొద్దున్న. నాలుగేళ్ళ గుంట. మన రోజా, అదీ ఒక్క కంచంలో తినీవోరు."

"మరి ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నారా మీరంతా?"

"ఏటి తాగుతాం మరి? కౌన్సిలరు మనిషి ఆటోకి మైకు కట్టుకుని తిరిగినాడు. నీళ్ళు బంగారంలాగున్నాయి, ఇదంతా అవతల పార్టీవోళ్ళ కుట్ర అనీసి. మా కూర్మయ్యకి నాను సెప్పినాను, మొగుడా, తాగకు అని. 'నిజంగా సెడ్డ నీళ్ళయితే టీవీలో రాదేటే' అన్నాడు. తాగీసినాడు."

"టీవీ వాళ్ళకు చెప్పలేదా?"

"సెప్పకేటి! మంగళారం ఈ చానెలోళ్ళే ఒచ్చినారు. కుళాయిని కెమెరాలో తీసినారు, పిల్లల్ని తీసినారు, నా సేత మాటాడించినారు. ఆ రాత్రి లైనంతా ఒక్క టీవీ ముందర కూకున్నాం. ఎయ్యనేదు. బుదారం ఎయ్యనేదు. అడిగితే, అవతలోళ్ళ మాట రానేదు అన్నారు."

"అది... అదొక ప్రమాణం దాలమ్మా. ఏకపక్షంగా వార్త వెయ్యకూడదు. కాటాకు రెండు తట్టలుంటాయి చూడు, అలాగ. ఒక తట్టలో నీ మాట, రెండో తట్టలో..."

"రెండో తట్టలో ఎవులూ ఏటీ పెట్టనేదు బాబూ. కౌన్సిలరు ఫోనెత్తడు. నీళ్ళ ఆఫీసోళ్ళు ఎత్తరు. ఆళ్ళు ఎత్తకపోతే మాది ఎయ్యరంట. అంటే ఆళ్ళు నోరు మూసుకుంటే సాలు, మా నోరూ మూసుకుపోతాది. ఇదేటి కాటా?"

"నా తరగతిలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు."

"పోయిన నెల పక్క పేటలో ఇలగే అయితే టీవీలో ఏసినారు. సీకటి పడీసరికి ట్యాంకరు ఒచ్చీసింది. గొట్టం కూడా తవ్వీసినారు. టీవీలో పడితే సాలు బాబూ. ఒక్కసారి పడితే సాలు."

"పడుతుంది. పడాలి."

"ఇయాళ అవతల ఏపు ఎవులో ఒప్పుకున్నారంట. అందుకే నన్ను రమ్మన్నారు. ఆడొచ్చినాడో నేదో అని తలుపు ఏపే సూత్తన్నాను. మీకేటైనా తెలుసేటి?"

"నాకా? నాకెలా తెలుస్తుంది? వస్తాడులే. అటువంటి వాళ్ళు తప్పకుండా వస్తారు. ఇంటికి కారు పంపిస్తారు, పోయేటప్పుడు సందేశ్ మిఠాయి డబ్బా చేతిలో పెడతారు. రాకేం చేస్తాడు?"

"ఆడు ఏటి సెప్తాడంటారు?"

"ఏదో కూస్తాడు. నువ్వు పట్టించుకోకు."

"అలగనీయకండి. ఆడొచ్చి కూకోడమే నాకు పదేలు. మరి మీరు దేని గురించి మాటాడ్డానికొచ్చినారు బాబూ?"

"నేనా? సాధారణ విషయాలు. జలమూ, నాగరికతా... నదీతీరాన మహానగరాలు వెలిసిన వైనం..."

"ఆ సేతిలో కాయితం?"

"ఇదా? ఏం లేదు. పాత కాగితం."

"మరి మడతెట్టి జేబులో కుక్కీత్తన్నారేటి?"

"దాలమ్మ మాసీ, నేను, సుందర్‌ని! రండి రండి, మైకు పెట్టించుకోవాలి. ఆ గాజు తలుపు అవతల. సీసా నాకివ్వండి, స్టూడియో టేబుల్ మీద పెట్టాలి."

"ఒలకబొయ్యకు సుందర్ బాబూ. మళ్ళీ రేపు పొద్దున్న ఆరింటిదాకా ఆ నీళ్ళు రావు."

"పొయ్యను మాసీ. వెళ్ళండి. మాస్టారూ, మీ పౌడర్ అయిపోయిందా?"

"తలుపు వెయ్యి సుందర్. వెయ్యి ముందు! లిలువా రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగువాడివి. నీ కూతురి అన్నప్రాశనకు పిలిస్తే మూడు బస్సులు మారి వచ్చాను. ఈ చానెలుకు అతిథులను పోగు చేసేది నువ్వే కదా? నా ఎదుట కూర్చోబెట్టేది మా దాలమ్మనని ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే ఏమయ్యేది మాస్టారూ? తెలిసినవాళ్ళయితే డిబేట్ ఇంకా న్యాచురల్‌గా వస్తుంది."

"అసలు ఈ చర్చకు నా పేరెవరు చెప్పారు నీకు?"

"అది సోర్స్ మాస్టారూ. సోర్స్ చెప్పకూడదు. ఇదిగోండి, మీ సీసా."

"నాకు సీసా ఎందుకు? ఇది కొనుక్కొచ్చిన మంచినీళ్ళ సీసా కదా?"

"అవును. ఆమె ముందర ఆ నల్లది, మీ ముందర ఈ తెల్లది. స్క్రీన్ మీద రెండూ ఒకే సైజు, ఒకే దూరం. రెండిటికీ 'దాబి' అని ఒకే అక్షరాల్లో లేబుల్. అంటే వాదన అని. ఆమెదో వాదన, మీదో వాదన. లాస్టులో యాంకర్ దీదీ, 'నిజమేదో ప్రేక్షకులే తేల్చుకోవాలి' అంటుంది. నలభై సెకన్లు ఆమెకి, నలభై మీకు. కంట్రోల్ రూమ్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు."

"ఆహా! ఎంతటి సమదర్శనం! మురుగునూ మంచినీటినీ ఒకే కంటితో చూడగలిగిన స్థితప్రజ్ఞులు, ఈ అద్దాల మేడలో ఏసీ వేసుకుని ఉంటారనుకోలేదు."

"మీరు పోయిన వారం ఇదే కుర్చీలో 'సమతౌల్యమే ప్రజాస్వామ్యానికి ఊపిరి' అన్నారు మాస్టారూ. మేం దాన్ని ప్రోమో కూడా చేశాం."

"అన్నాను. ...నాకు తలనొప్పిగా ఉంది సుందర్. ఇంకొకరిని చూసుకో."

"ఎవరిని? మూడు రోజుల నుంచి నేను చేసిందదే. కౌన్సిలర్‌కి నలభై ఆరు ఫోన్లు. ఆయన పీఏకి, ఆయన డ్రైవర్‌కి. అవతల పార్టీవాళ్ళు ముందు తయారుగా ఉన్నారు. ఆ గొట్టం వాళ్ళ టైంలో వేసిందని ఎవరో గుర్తు చేశారు, వాళ్ళ ఫోన్లు కూడా ఆగిపోయాయి. మీరు లేచి వెళ్ళండి, పర్లేదు. ఐటెం డ్రాప్. డెస్కులో ఇంకోటి రెడీగా ఉంది."

"ఏమిటది?"

"ఇలిష్ గొప్పదా, చింగ్రీ గొప్పదా. పులసకి ఒక షెఫ్, రొయ్యకి ఒక షెఫ్. ఇద్దరూ గంట నుంచి కింద కూర్చున్నారు. అక్కడ రెండు పక్షాలూ ఫోనెత్తుతాయి మాస్టారూ."

"సరే, కూర్చుంటాను. కూర్చుని, ఆమె చెప్పిందే నిజం అంటాను."

"అప్పుడది ఏకపక్షం. పోయిన నెల ఒక డాక్టర్ బాబు అదే చేశాడు. ఎదుటి కుర్చీలో కూర్చుని, అవును, ఆవిడ చెప్పింది కరెక్టే అన్నాడు. వెంటనే యాడ్‌కి వెళ్ళాం. యాడ్ నుంచి మళ్ళీ అక్కడికి తిరిగి రాలేదు. యూట్యూబ్‌లోంచి కూడా తీసేశారు."

"ఒక పిల్ల చచ్చిపోయింది సుందర్."

"తెలుసు. అందుకే స్క్రీన్ మీద 'అభిజోగ్' అని వేస్తున్నాం."

"ఆరోపణ! చావు ఆరోపణ ఎలా అవుతుందయ్యా? ఆ పిల్ల తన మీద తాను ఆరోపణ చేసుకుని పోయిందా?"

"అవతలి పక్షం ఒప్పుకునేదాకా ఆరోపణే మాస్టారూ. అది రూలు."

"ఎవరా అవతలి పక్షం?"

"మీరే కదా మాస్టారూ."

"అంటే, ఆ పిల్ల చావుకు నా ఒప్పుదల కావాలా?"

"అలా చూడకండి. ఆ రూలు నాది కాదు. మంగళవారం తీసిన ఫుటేజీ మొత్తం నేనే చూశాను. ఆ పిల్ల అందులో ఉంది, కెమెరాకి చెయ్యి ఊపింది. ఇంటికెళ్ళి నా కూతురికి గ్లాసుతో నీళ్ళివ్వడానికి చేతులు రాలేదు. ఇది ఎలాగైనా ఎక్కించాలని నేను తిరిగినట్టు ఎవరూ తిరగలేదు ఈ బిల్డింగ్‌లో. మంచివాళ్ళు అరవై మంది దొరికారు మాస్టారూ, అందరూ ఆమె పక్షమే! నీళ్ళు బాగున్నాయనే మనిషి ఒక్కడు దొరకలేదు. ఆ ఒక్కడు లేక ఆగిపోయింది."

"కాబట్టి ఆ ఒక్కణ్ణి నేను. అరవై మంది సజ్జనుల వల్ల కాని మహత్కార్యానికి..."

"పది నిముషాలుంది. మాసీ వస్తోంది, నేను స్టూడియో చూసి వస్తాను. ఆ కాగితంలో ఏం రాశారో నాకు చదవడం రాదు, తెలుగు కదా. అక్కడ మాత్రం బెంగాలీలో చెప్పండి."

"బాబూ, సూడండి, రైక లోపల్నించి తీగ పెట్టినారు. ఇది పట్టుకుంటే నా గుండె సప్పుడు కూడా ఇనిపిత్తాదంట. అలగున్నారేటి? పౌడరంతా కారిపోతన్నాది."

"కూర్చో దాలమ్మా. నీకొకటి చెప్పాలి. ముందే చెప్పవలసింది. నేను సాధారణ విషయాలు మాట్లాడడానికి రాలేదు. ఈ కాగితంలో... ఆ నీళ్ళు నిర్దోషులని పదకొండు కారణాలు రాసుకొచ్చాను. ఏ నీళ్ళో తెలియక రాశాను. తెలియకపోవడం గొప్ప సంగతి కాదులే. ఆ ఎదుటి కుర్చీలో కూర్చునేది..."

"మీరే."

"నీకెవరు చెప్పారు?"

"ఎవులు సెప్పడమేటి? మీ నెంబరు ఇచ్చింది నానే."

"నువ్వా?"

"నిన్న ఆసుపత్రి మెట్ల కాడికొచ్చి సుందర్ బాబు కూలబడిపోనాడు. మనిషి దొరకడం నేదు మాసీ, రేపు కూడా ఎయ్యరు, సేపల గొడవేదో ఏసీత్తారు అనీసి. అపుడు నానన్నాను. మా మేస్టారున్నారు, ఏ మాట సెప్పమంటే ఆ మాట అందంగా సెప్తారు, ఆయన్ని పిలు అని."

"అందంగా..."

"తప్పుగా అన్నానేటి బాబూ?"

"లేదు. ఇరవై రెండేళ్ళలో నన్నెవరూ ఇంత సరిగ్గా చదవలేదు. మరి ఇందాకటి నుంచీ నన్నెందుకు అడిగావు, దేని గురించి వచ్చారని?"

"మీరు సెప్తారేమో అని సూసినాను."

"చెప్పలేదు."

"నేదు. అపుడు నాకు ధైర్నం ఒచ్చింది. ఈయన అక్కడ కూడా నిజం సెప్పరు అని."

"దాలమ్మా, నా వల్ల కాదు. నా నాలుక ఇన్నాళ్ళూ ఎన్నో చేసింది. రోజాకు అక్షరాలు దిద్దించిందీ ఈ నోరే. ఇప్పుడు దీనితో..."

"నీళ్ళు మంచియే అనండి. పిల్లలు అడ్డమైనయీ తిన్నారనండి. నన్ను ఆ పార్టీవోళ్ళు తోలినారనండి. ఏటన్నా నాకు నొప్పి నేదు. నా నలబై నిమిషాలు నాకు దక్కాల."

"నలభై సెకన్లు దాలమ్మా."

"సెకన్లా? ...సాలు. సీసా సూపించడానికి సాలు."

"మాసీ, మాస్టారూ, రండి! రెండు నిముషాల్లో లైవ్. మాసీ ఎడం పక్క, మాస్టారు కుడి పక్క."

"నేను మధ్యలో తడబడితే? దాలమ్మా, పోయిన ఆ పిల్ల పేరు నీ నోట వినగానే నేను మాట ఆపేస్తే?"

"ఆపకండి బాబూ. అద్దం ముందర సెప్పినట్టు సెప్పండి. మీరు తడబడితే ఆపీత్తారు, రేపు ఆరింటికి మళ్ళీ ఆ కుళాయే ఇప్పుతారు. నా మొకం ఏపు మాత్రం సూడకండి. సూసినారంటే నిజం సెప్పీగల్రు."