ఏడో గది తలుపు కాడ ఊదొత్తి

1990 జూన్ 11వ తేదీ, సోమవారం పొద్దున, తెల్ల చీర కట్టుకోని మన ఆసుపత్రి గేటు కాడికొచ్చి "స్టాఫ్ నర్సు ఉద్యోగంలో చేరాలండీ, యాడికి పోవాల?" అని వాచ్‌మెన్‌ని అడిగినారంట శ్రీమతి గంగాభవాని గారు. ఈ నెలాఖరుకి అదే గేటు దాటి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసి, సగౌరవంగా ఇంటికి పోతుండారు. ఈ సంచికలో ఆమె గురించి నన్నే రాయమన్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు, ఆఫీసులో బాగా చదువుకున్నోళ్లు ఉండగా నన్నెందుకంటే, ఆమె పెట్టమన్న ఫ్యాన్లన్నీ పెట్టింది నేను గనక. నేను మన ఆసుపత్రిలో కరెంటు పని చూసే రమణయ్యని. వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు పెట్టే చేత్తో ఇంత పెద్ద విషయం రాస్తుండా. తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి.

పులికాట్ ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబంలో పుట్టి, నాన్న గంగులయ్య గారు పడవ మీద తెచ్చిన చేపలు అమ్మి చదివిస్తే చదువుకోని, ఆ ఊరి నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడబిడ్డ ఆమె. వచ్చిన కొత్తలో జనరల్ వార్డు, తర్వాత చాలా ఏళ్లు కాన్పుల వార్డు. ఆమె చేతుల మీద పుట్టిన పిల్లకాయలు గూడూరు నుంచి కోట దాకా యాడ చూసినా ఉండారు. బస్సులో పోతుంటే "సిస్టరమ్మా, వీడు మీ చేతిలో పుట్టినోడే" అని మీసాలు వచ్చిన మగపిల్లల్ని చూపించి సీటిప్పిస్తారు. ఆమె కూడా ఏం మొహమాటం లేకుండా కూర్చుంటారు.

2009లో ఆమెని ఛాతీ వార్డుకి మార్చినారు. టీబీ వార్డు అనంగానే ఇంకొకరైతే సెలవు పెట్టేవాళ్లు. భవాని సిస్టర్ మాత్రం నవ్వతా పోయినారు. ఆ నవ్వు ఆరు నెల్లకే తగ్గింది. వార్డు ఊడ్చి తుడిచే ఆయా, సమాధానం అనే అక్కకే టీబీ వచ్చింది. మందులు వాడి పూర్తిగా బాగైపోయిందిలే, ఇప్పుడు మనందరి మీదా అరిచేది ఆ అక్కే. కానీ ఆ రోజు సిస్టర్ నాతో అన్న మాట నాకు బాగా గుర్తు. "రోగం మందుతో పోతాది రమణయ్యా. అది అక్క దాకా వచ్చిన దారి ఇంకా తెరిచే ఉండాది గదా, దాని సంగతేంది?"

ఆ దారి పేరు గాలి. మద్రాసులో శిక్షణకి పోయొచ్చి ఆమె మాకు చెప్పినది నాకు అర్థమైనట్టు చెప్తా. టీబీ మనిషి దగ్గితే కంటికి కనపడనంత సన్న తుంపర గంటలకొద్దీ గాల్లో తేలతా ఉంటాది. గది మూసేస్తే ఆడ్నే కూడుకుంటాది, గాలి వరండాలోకి వస్తే దాంతో పాటే వస్తాది. అందుకని గాలి ఎప్పుడూ మంచిగుండే మనుషుల వైపు నుంచి రోగి వైపుకి పోవాల, ఆడ్నించి ఎవరూ తిరగని వెనక పక్కకి బయట పడాల. దీనికోసం ఆమె డాక్టర్ పద్మనాభయ్య గారి వెంట, ఇంజినీర్ల వెంట పడి, ఆ వార్డులో ఏడో గది వెనక గోడకి పైన పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించినారు. అది గదిలో గాలిని లాగి బయటికి తోస్తుంటే, తలుపు కింద సందులోంచి వరండా గాలి లోపలికి పోతా ఉంటాది.

పోతుందో లేదో తెలిసేదెట్టా? రోజూ డ్యూటీ ఎక్కంగానే తలుపు కింద ఊదొత్తి వెలిగించి పట్టుకునేవారు. పొగ లోపలికి పోతే ఫ్యాను బాగున్నట్టు. "మా వాళ్లు గాలి ఎటు పోతుందో చూడకుండా పడవెక్కరు, నేను చూడకుండా వార్డెక్కను" అనేవారు సిస్టర్.

ఇంక మన జనం సంగతి చెప్పేదేముంది! తెల్లచీర సిస్టరమ్మ రోజూ పొద్దున్నే ఒక తలుపు ముందర వంగి ఊదొత్తి వెలిగిస్తుంటే వాళ్లేమనుకుంటారు? వారం తిరక్కముందే ఆ తలుపుకి పసుపు కుంకం పడింది. గూడూరు నుంచి వచ్చిన రోగి తాలూకు వాళ్లు నిమ్మకాయలు కట్టినారు. పక్క వార్డు వాళ్లు కూడా వచ్చి దండం పెట్టుకోని పోయేది. సమాధానం అక్క ఆ కుంకం తుడవలేక "ఏం సిస్టర్, నేను చర్చికి పోయేదాన్ని, నా చేత గుడి కడిగిస్తుండారే" అని ఒకటే గొడవ. పద్మనాభయ్య సారు రౌండ్సుకి వస్తా నిమ్మకాయలు చూసి "భవాని గారూ, హుండీ కూడా పెట్టిద్దామా?" అన్నారు.

2017లో ఆ గదిలోకి వెన్నెల అనే అమ్మాయి వచ్చింది. కోట దగ్గర వరి పండించే రైతు కుటుంబం కోడలు. కాన్పై వారం కాలేదు, టీబీ అని తేలింది. సారు ఒకటే మాట చెప్పినారు. తల్లి మాస్కు తీయకుండా, మందు మానకుండా ఉండాల, బిడ్డకీ ముందుజాగ్రత్త మందు వేస్తాం, ఆ ఫ్యాను మాత్రం ఆగకూడదు. ఇవన్నీ జరిగితే బిడ్డ తల్లి దగ్గరే పాలు తాగొచ్చు. జరక్కపోతే బిడ్డని ఊరికి పంపించాల్సిందే.

అత్త పిచ్చమ్మ గారు చెడ్డ మనిషి కాదు, కోడలంటే ప్రాణం. ఆ ప్రాణమే ముంచింది. పచ్చి బాలింతకి గాలి తగలకూడదని ఫ్యాను ఆపేసి, స్టూలెక్కి ఆ బొక్కలో పాత చీర కుక్కేసింది. నేను పోయి తీసి వచ్చినా. మళ్లీ కుక్కింది. రెండోసారి సారే చూసినారు. "ఇంక లాభం లేదు, సాయంత్రం బిడ్డని ఇంటికి పంపించండి" అన్నారు. బిడ్డ తండ్రి నరేంద్రబాబు బిడ్డని ఎత్తుకోని వరండా బెంచీ మీద కూలబడినాడు. లోపల ఆ అమ్మాయి ఏడుస్తుంటే దగ్గూ ఏడుపూ కలిసిపోయి వినలేకపోయినాం.

భవాని సిస్టర్ వచ్చినారు. కోప్పడతారనుకున్నా. పిచ్చమ్మ గారే ముందు లేచింది.

"ఏం తల్లీ, బాలింతని ఈదరగాల్లో పడేస్తారా? నీకు పిల్లల్లేరా?"

"ఇద్దరుండారు పిచ్చక్కా. ఇద్దరప్పుడూ మా అమ్మ నా చెవుల్లో దూది కుక్కింది. నీ కోడలి చెవుల్లో నువ్వూ కుక్కుకో, నేనొద్దన్ను. ఫ్యాన్లో మాత్రం కుక్కబాక."

"గాలి సోకితే ఎవరమ్మా దిక్కు?"

"సోకే గాలి బయట లేదక్కా, లోపలుండాది. దాన్ని పోనీకుండా తలుపేసింది నువ్వే."

"నువ్వు చెప్తే నేను నమ్మాలా?"

"నన్ను నమ్మబాక. ఇదో, ఇది పట్టుకో" అని వెలిగించిన ఊదొత్తి చాపినారు.

పిచ్చమ్మ గారు చెయ్యి వెనక్కి లాక్కునింది. "అపచారం! మేం పురుట్లో ఉండాం. పూజ చేయకూడదు."

"ఇది దేవుడికి కాదక్కా, గాలికి. గాలికి పురుడు లేదు."

ఆ మాటకి పిచ్చమ్మ గారు ఊదొత్తి తీసుకునింది. తలుపు కాస్త తెరిచి సందు కాడ పట్టుకోమన్నారు. చీర ఇంకా ఫ్యాన్లోనే ఉండాది గదా, పొగ లోపలికి పోలేదు. మెల్లంగ మెలికలు తిరుగుతా వరండాలోకే వచ్చి, నేరుగా బెంచీ మీద నరేంద్రబాబు ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ మొహం మీదికి పోయింది.

"ఒరే నరేందరా! లెయ్‌రా! బిడ్డని తీసుకోని అవతలికి పోరా!" అని పిచ్చమ్మ గారు అరిచిన అరుపుకి మూడు వార్డులు లేచినాయి. మాస్కు కట్టుకోమనేలోపలే లోపలికి ఉరికి, స్టూలెక్కి, ఆ చీరని తన చేత్తోనే పెరికి పారేసింది. నేను స్విచ్చి వేసినా. ఈసారి అదే ఊదొత్తి, అదే సందు. పొగ పాములాగా లోపలికి దూరిపోయింది.

"మళ్లీ చూపించు" అనింది. చూపించినాం. "ఇంకొకసారి" అనింది. ఊదొత్తి అయిపోయేదాకా చూపిస్తానే ఉన్నాం.

సాయంత్రం సారు వచ్చేసరికి పిచ్చమ్మ గారు తలుపు కాడ మాస్కు కట్టుకోని కూర్చోనుంది. "తలుపు వెంటనే మూసేయండి సారూ, గాలి ఇటు వస్తాది" అనింది. ఆయన ఆమెని చూసి, ఫ్యాన్ని చూసి, భవాని గారిని చూసి, "బిడ్డని తల్లి దగ్గరికి తీసుకురండి" అన్నారు. వెన్నెల మాస్కు పైన కళ్లు రెండూ అప్పుడు ఎట్టా ఉన్నాయో రాయడం నా వల్ల కాదు. ఆ తర్వాత నాకే కష్టాలు మొదలైనాయి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపల పిచ్చమ్మ గారు మా రూము ముందర నిలబడి "ఏమయ్యా కరెంటాయనా, ఫ్యాను నిలబడిపోయింది, నిద్రపోతుండావా?" అనేది. ఆమె ఉన్నన్నాళ్లు నేను నిలబడి అన్నం తిన్నా.

వెన్నెల కోర్సు పూర్తి చేసి బాగైంది. బిడ్డకి ఏమీ రాలేదు.

2019లో హెడ్ నర్సు అయినాక, కరోనా కాలంలో, ప్రతి వార్డులో ఏ కిటికీ తీయాల, ఏ ఫ్యాను ఎటు తిప్పాల అని ఆమె తిరిగిన తిరుగుడు మనందరం చూసినాం. మన వార్డుల్లో పనిచేసిన వాళ్లం ధైర్యంగా డ్యూటీకి రాగలిగినామంటే అందులో ఆమె చలవ ఎంతో ఉండాది. ఆమె ఇంటికి ఏ వేళకి వచ్చినా విసుక్కోకుండా, వేడినీళ్లు పెట్టి వాకిట్లోనే ఎదురుచూసిన భర్త ప్రసాద్ గారికి కూడా ఈ సందర్భంగా మా అందరి తరఫున నమస్కారాలు.

ఈ వ్యాసం కోసం పోయిన వారం నేను వెన్నెలకి ఫోన్ చేసినా. మాట్లాడేదానికి కుదిరితే గదా, పక్కన ఆ పాప అరుపులు. "ఎందుకమ్మా అట్టా అరుస్తుంది?" అంటే "బళ్లో పాటల పోటీలో ఫస్టు వచ్చింది అన్నా, నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే పని" అనింది. రికార్డు చేసి సిస్టరమ్మకి వినిపించమని ఫోన్ లాక్కోని ఆ పాప మొత్తం పాట పాడింది. ఒక్క చోట కూడా ఊపిరి ఆగలేదు.

భవాని గారూ, ఆ పాప పెద్దదై, దానికీ ఒక బిడ్డ పుట్టి, పిచ్చమ్మ గారి లాంటి అత్త ఇంకొకామె ఆ గది కిటికీలన్నీ మూసేస్తే, మేం ఫోన్ చేసేది మీకే. ఇంకెవరికి చేస్తాం? అందుకని అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, కీళ్లనొప్పుల్లేకుండా, కళ్లు మసకబారకుండా, ప్రసాద్ గారితో కలిసి హాయిగా, చల్లంగ ఉండండి. ఫోన్ మోగితే ఎత్తండి.

ఇట్లు,
మీ రమణయ్య, కరెంటు విభాగం