సముద్రానికి బయల్దేరిన గడప

సుంకులమ్మకి ఎడమకన్ను పోయిందంట. పోయి రెండేండ్లయిందనుకో. ఇంగ కుడికన్ను ఒక్కటే మిగిలింది, దానికీ పొర కమ్ముకుంటా ఉందంట. ఆత్మకూరులో పసరు వేసే వైద్యుడు ఒకాయప్ప రెప్ప ఎత్తి చూసి, ఇటు తిప్పి చూసి, అటు తిప్పి చూసి, "అమ్మా, ఉన్నమాట చెప్తాండా. వానలు పడేలోపల ఇది గూడా పోతాది. చూడాల్సిందేమన్నా ఉంటే ఇప్పుడే చూసుకో" అన్నాడంట. మనమైతే ఏమనుకుంటాం? దేవుడినో, బంధువులనో చూసుకుందామనుకుంటాం. ఈయమ్మ ఏమనుకునిందో తెల్సా? "అయితే నేను సముద్రం చూడాల" అనుకునిందంట. సముద్రం! వీళ్ళుండేది నల్లమల కింద, కర్నూలు దిక్కు పల్లె. సముద్రం ఉండేది అడివికి అవతల, మార్కాపురం దాటి, ఒంగోలు దాటి, ఇంగా అవతల. మరి ఆ పిచ్చి ఈమెకెట్ల పట్టింది అంటే, మొగుడు పట్టించినాడు. మొగుడు మద్దిలేటి బండి తోలేటోడు. వెదురుబొంగులు ఏసుకోని అడివి దాటి పోతాడు, ఇరవై దినాలకి వస్తాడు. వచ్చినప్పుడల్లా కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెడతాడంట, కొత్తపట్నం రేవు దాకా పోయినా మే, సముద్రం చూసినా మే, ఇసకదిబ్బలు కొండలంత ఉంటాయి మే, ఇంటంత చేపకి మెడలో గంట కట్టి ఒడ్డుకి తోలకొస్తారు మే అని. ముప్పై ఏండ్లు ఇదే పాట. ఆయమ్మ రొట్టెలు కొడతా కొడతా ముప్పై ఏండ్లు ఆ సముద్రాన్నే విన్నాది.

సరే, ఇంటికొచ్చి మొగునితో అనింది, "ఏమబ్బా, బండి కట్టు. నాకు సముద్రం చూపియ్యి." మద్దిలేటికి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయిందంట. "ఏం పని మీద మే?" అన్నాడు. "పనేం లేదు. చూడ్డానికే." ఊరంతా అదే అడిగినారు, ఏం పని మీద పోతారు అని. తిరణాలకా? కాదు. పెండ్లికా? కాదు. ఎవురన్నా పోయినారా? పోల్యా. మరెందుకు? చూడ్డానికి. ఉత్త చూడ్డానికి బండి కట్టేదాన్ని ఆ ఊర్లో అదే మొదటిసారి వినడం, అందరూ నోటి మీద చెయ్యేసుకున్నారంట. ఆయమ్మ పట్టించుకోల్యా. ఏం చేసిందంటే, దారి కట్టడం మొదలుపెట్టింది. చదువు రాదు గదా, వాకిట్లో ముగ్గు వేసింది. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క మజిలీ. తేనె అమ్మేదానికి వచ్చే చెంచు గురవన్నను కూచోబెట్టి, "అన్నా, నాకు పొద్దున పూట, సాయంత్రం పూటే కొంచెం కనపడతాది, నడిమధ్యాన్నం ఎండకి అంతా తెల్లగా అయిపోతాది. ఏ యాళకి యాడ ఉంటే ఏం కనపడతాదో చెప్పు" అని అడిగింది. గురవన్న సంబరపడినాడు, ఆయప్పను ఆ మాట ఎవురూ అడిగినోళ్ళు లేరు గదా. "బైర్లూటి దగ్గర తెల్లారితే నెమళ్ళు దారి మీదికొస్తాయమ్మా. మధ్యాన్నం ఎడ్లను వాగు కాడ విప్పు. పొద్దు గూకే యాళకి ఘాటు మలుపులో నిలబడు, కొండలు వరస మీద వరస కనపడతాయి. ఈ నెలలోనే పో, మోదుగు పూసి ఉంటాది" అన్నాడు. అట్ల అడివి చుక్కలన్నీ గురవన్నవి. మార్కాపురం దాటినాక చుక్కలు మొగునివి. ఆయప్పను అడిగితే, "ఆ... దాటినాక... ఎడమకి పోవాల... కాదు, కుడికి" అని తల గోక్కుంటా ఉన్నాడు. ఆయమ్మ ఏదో మతిమరుపు అనుకునిందిలే పాపం.

మంచి దినం చూసి బండెక్కినారు. సద్దిమూట, నీళ్ళకుండ, ఎడ్లకి గడ్డి, అన్నీ ఏసుకున్నారు. నాలుగు ఇండ్లు దాటినారో లేదో, పక్కింటి పుల్లమ్మ ఎదురొచ్చి, "యాడికి వదినా?" అనింది. అయిపోయింది! బయల్దేరినోళ్ళను యాడికి అని అడిగితే ఇంగేముంది, మీకు తెల్సిందే గదా. యెనక్కి తిరిగి, ఇంటికొచ్చి, గడప దాటి లోపలికి పోయి, కూచోని, నీళ్ళు తాగి, మళ్ళా బయటికి రావాల. వచ్చేటప్పటికి మద్దిలేటి ఎడ్లను విప్పేసినాడు, "ఈపొద్దుకి మంచి గడియ పోయింది మే, ఇంగోపొద్దు చూద్దాం" అని. ఇంగోపొద్దు బయల్దేరినారు. రచ్చకట్ట కాడ ఇంగొకడు, "యాడికి మామా?" మళ్ళా యెనక్కి. మూడోసారి ఊరి బయటి దాకా పోయినారు. అక్కడ హుసేనప్ప నిలబడి ఉన్నాడు. ఈ హుసేనప్ప ఎట్లాంటోడంటే, ఇల్లు కాల్తాందిరా అన్నా ఊఁ అనడు. అట్లాంటోడు దారికడ్డం వచ్చి, "యాడికి?" అన్నాడంట! అప్పుడు తట్టింది సుంకులమ్మకి. నేరుగా పుల్లమ్మ ఇంటికి పోయి, "నిజం చెప్పు వదినా" అనింది. "నా తప్పేం లేదు వదినా, మీ ఆయనే వచ్చి అడగమన్నాడు. బతిమాలినాడు గూడా" అనిందంట పుల్లమ్మ. ఆయమ్మ ఇంటికొచ్చి మొగున్ని అడిగింది, ఎందుకు చేసినావబ్బా అని. "అడివిలో పులి ఉండాది మే, నీకేమన్నా అయితే ఎట్లని" అన్నాడు. "ముప్పై ఏండ్లుగా నిన్ను తినని పులి నన్నెట్ల తింటాది?" అనింది ఆయమ్మ. మద్దిలేటి ఎడ్లకి గడ్డి ఏసేదానికి పోయినాడు.

ఆయమ్మ ఊరుకునే మనిషా! తెల్లారి పోయి వడ్రంగం చేసే బ్రమ్మయ్యను పిల్చుకోనొచ్చింది. "బ్రమ్మయ్యా, మా గడప ఊడదియ్యి" అనింది. బ్రమ్మయ్య చేతిలో ఉలి కింద పడింది. "ఏమ్మా, మతి ఉండే మాట్లాడతాండావా? పసుపు కుంకుమ పెట్టే గడప, లచ్చిమి కూచునే గడప, దాన్ని పీకమంటావా?" అన్నాడు. సుంకులమ్మ ఏమనిందో తెల్సా, మా తాత ఈ మాట చెప్పేటప్పుడు రెండుసార్లు చెప్తాండె. "లచ్చిమి పుట్టింది సముద్రంలోనే గదా బ్రమ్మయ్యా. పుట్టినింటికి పోయి ఎన్ని యుగాలైందో. నా వెంట ఒకసారి పోయొస్తాది" అనిందంట. పుట్టినింటికి పోయొస్తాది! ఇంగ బ్రమ్మయ్య ఏమంటాడు? ఆడబిడ్డను పుట్టినింటికి పంపను అని అనే మొగోడు ఎవురున్నాడు, అందులో లచ్చిమిని. ఉలి తీసుకోని గడప ఊడదీసి బండి మీద పెట్టినాడు. మద్దిలేటి వసారాలో నిలబడి చూస్తాండాడు, ఆయప్పకి ఏం జరగబోతాందో ఇంగా అర్థం కాల్యా.

మద్దిలేటి తోలక తప్పల్యా, బండి కదిలింది. ఊరంతా వచ్చింది, తమాషా గదా. పుల్లమ్మ నోరు మూసుకోని నిలబడింది గానీ ఇంగొకామె ఊరుకుంటాదా, "యాడికి అక్కా?" అనింది. "ఆపబ్బా బండి" అనింది సుంకులమ్మ. దిగింది. గడప దించి దారి నడిమధ్యలో అడ్డంగా పెట్టింది. కుడికాలు పెట్టి గడప లోపలికి పోయింది. లోపల ఏముంది, దుమ్మే. ఆ దుమ్ములోనే కూచునింది. చెంబుతో నీళ్ళు తాగింది. లేచి గడప దాటి బయటికి వచ్చి, దాన్ని బండి మీద ఏసి, "పోనీ" అనింది. జనం ఊరుకుంటారా! నాలుగడుగులకొకడు యాడికి అంటాడు. దిగుతాది, గడప పెడతాది, లోపలికి పోతాది, కూచుంటాది, నీళ్ళు తాగుతాది, లేస్తాది. మళ్ళా యాడికి. మళ్ళా దిగుతాది. విసుగు లేదు, కోపం లేదు, మొగం చిట్లించుకునేది లేదు. ఊరు దాటేసరికి పదిహేడుసార్లంట. పదిహేడు చెంబుల నీళ్ళు. ఆ నీళ్ళకి అడివిలో బండి ఎన్నిసార్లు ఆగిందో నేను చెప్పను, మీరే అనుకోండి. ఎడ్లు గూడా నేర్చుకున్నాయంట, యాడికి అనే మాట వినపడితే చాలు, అవే నిలబడేవంట. ఆఖర్న హుసేనప్ప ఉన్నాడు. నోరు తెరవబోయి, ఆయమ్మ మొగం చూసినాడు. చెమట కారతాంది, చీరంతా దుమ్ము, చేతిలో చెంబు తయారుగా ఉంది. ఆయప్పకి సిగ్గేసింది. ఏమీ అనకుండా పక్కకి జరిగి దారిచ్చినాడు. అప్పుడు మద్దిలేటి ఒక నిట్టూర్పు వదిలినాడంట, అది విని ఎడ్లు గూడా తిరిగి చూసినాయంట.

అడివి ఎట్లుందని చెప్పేది! గురవన్న చెప్పిన యాళకి చెప్పిన చోట ఉన్నారు. తెల్లారేసరికి బైర్లూటి చేరినారు, నెమళ్ళు దారి మీద తోకలీడ్చుకుంటా పోతాండాయి. మధ్యాన్నం వాగు కాడ ఎడ్లను విప్పి, ఆయమ్మ కంటి మీద తడిగుడ్డ ఏసుకోని పడుకునింది, కన్ను దాచిపెట్టుకున్నట్ల. సాయంత్రం ఘాటు మలుపులో బండి ఆపమని దిగింది. కొండలు వరస మీద వరస, మోదుగుపూలు ఎర్రగా. ఉన్నది ఒక్క కన్ను గదా, తల ఇటు తిప్పి, అటు తిప్పి, మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. "ఏమబ్బా, ఇన్నేండ్లు ఇవన్నీ చూస్తా పోయి, నాకొక్కనాడన్నా చెప్పల్యా. సముద్రం ఒక్కటే చెప్పినావు" అనింది. నిజంగానే ఆయప్ప అడివిని ఎప్పుడూ చూడల్యా, దాంట్లో బండి తోల్నాడంతే. దోర్నాల దాటినారు. మార్కాపురం వచ్చింది. మద్దిలేటి మాట్లాడ్డం తగ్గింది, అన్నం తినడం తగ్గింది.

మార్కాపురంలో బండ్లు విప్పే చోట ఏమైందంటే, అక్కడి బండాయన ఒకాయన నవ్వుకుంటా వచ్చినాడు. "ఏం మద్దిలేటీ, బొంగులేవి? ఎప్పుడూ ఇక్కడ మాకు దించేసి యెనక్కి పోయేటోడివి, ఈసారి ఉత్త బండి తోలుకోనొచ్చినావే" అన్నాడు. సుంకులమ్మ చెవిలో పడింది. "ఇక్కడ దించి యెనక్కా?" అనింది. మద్దిలేటి నేల చూపులు చూసినాడు. ఇంగేం దాచేది, చెప్పేసినాడు. ముప్పై ఏండ్లలో మార్కాపురం దాటి ఒక్క అడుగు పోల్యా మే, సముద్రం చూడల్యా మే, ఇక్కడోళ్ళు చెప్పుకుంటాంటే విని, దానికి ఇంగొంచెం కలిపి నీకు చెప్పినా, మిగిలిన దినాలు దోర్నాల్లో పులిజూదం ఆడుకుంటా కూచుంటాంటి, మొదట్లో నువ్వు కండ్లు పెద్దవి చేసుకోని వింటాంటే బాగుండె, తర్వాత ఎట్ల ఆపేదో తెలీల్యా అన్నాడు. ఆయమ్మకి కోపమొచ్చింది. కోపమా అది! ముప్పై ఏండ్లు! ఏడుపు గూడా వచ్చింది గానీ, ఏడిస్తే కన్ను ఇంగా మసకబారతాదని ఆపుకునింది. చూడండి, ఏడవడానికి గూడా లేదు ఆ మనిషికి. ఆ దినమంతా మొగునికి ఈపు తిప్పి పడుకునింది. రెండో దినం ఆయప్ప బండి ఊరి దిక్కు తిప్పి, "పోదాం పా మే, దారి తెలీదు, నా మొగం నీకు చూపియ్యలేను" అన్నాడు. ఆయమ్మ ఎడ్ల ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు చెప్పింది అబద్ధం. సముద్రం అబద్ధమా? తిప్పు బండి" అనింది.

తిప్పక ఏం చేస్తాడు. ఆయమ్మ సంతలో ఎండుచేపలమ్మే కొత్తపట్నం ఆమెను వెతికి పట్టుకోని, నేల మీద మళ్ళా కొత్తగా చుక్కలు పెట్టింది. మొగుడు చెప్పిన చుక్కలన్నీ మనసులోంచి చెరిపేసింది. "పొదిలి మీదగా ఒంగోలు పోండక్కా. ఒంగోలు దాటినాక గాలి మారుద్ది, ఎడ్లు ముక్కులెత్తుతాయి. ముందురోజు పొద్దుగుంకేలోపే సరుగుడు తోపు కాడ దిగండి, తెల్లారి లేచి దిబ్బ ఎక్కితే పొద్దు నీళ్ళలోంచి వచ్చుద్ది" అని చెప్పింది ఆమె. అంతా విని సుంకులమ్మ, "మరి మెడలో గంట కట్టిన చేప ఏ పక్కన ఉంటాదమ్మా?" అని అడిగింది. ఆమె నవ్వి నవ్వి తట్ట కింద పడేసిందంట. "చేపకి మెడే ఉండదు గదక్కా!" సుంకులమ్మ తిరిగి మొగుని దిక్కు చూసింది. ఆయప్ప ఎద్దు చాటుకి పోయినాడు.

నాలుగు దినాలు నడిచినారు. ఆయమ్మ కంటికి దూరంగా ఉండేటివన్నీ పొగమంచులో ఉన్నట్లయినాయంట. ఆలస్యమైతే ఎట్ల అని ఆయమ్మకి భయం, కానీ ఎడ్లను తొందరపెట్టల్యా, చుక్క ప్రకారమే పోయింది. ఒంగోలు దాటినాక గాలి మారింది, ఎడ్లు ముక్కులెత్తినాయి. సరుగుడు తోపు కాడ ఆగినారు. తెల్లారి మొగుని చెయ్యి పట్టుకోని దిబ్బ ఎక్కింది. ఎక్కి నిలబడింది. పొద్దు వచ్చింది. కనపడింది! మసకగానే, అయినా కనపడింది. ఇంత పెద్దదాన్ని ఒక్క కంట్లో ఎట్ల పట్టిచ్చుకునేదో తెలీక, చాలాసేపు నిలబడి, "ఏమబ్బా, నీకు రెండు కండ్లుండాయి గదా, నువ్వు చెప్పు. నాకు కనపడనిదంతా చెప్పు" అనింది. మద్దిలేటి నోరు తెరిచినాడు. మాట రాల్యా. మళ్ళా తెరిచినాడు. రాల్యా. ముప్పై ఏండ్లు చూడని సముద్రాన్ని అంతంత చెప్పినోడు, ఎదురుగా ఉన్నదాన్ని ఒక్క ముక్క చెప్పలేక, ఇసకలో కూలబడి ఏడ్చినాడంట. సుంకులమ్మ ఆయప్ప పక్కన కూచునింది. "ఇంగ ఊరుకో. నేను చెప్తా, నువ్వు విను" అనింది. కదులుతాందబ్బా, వస్తాంది, మళ్ళా పోతాంది, ఎవురో పిలిచినట్ల మళ్ళా వస్తాంది అని, కనపడింది కనపడినట్ల, కనపడనిది కనపడల్యా అని, ఒక్క మాట ఎక్కువ కలపకుండా చెప్పింది. ఆయప్ప వింటా కూచున్నాడు.

ఇంటికొచ్చినారు. పుట్టినింటికి పోయొచ్చిన లచ్చిమి గడపను బ్రమ్మయ్య మళ్ళా బిగించినాడు. వైద్యుడు చెప్పినట్లే వానలకి ముందే ఆ కన్ను గూడా పోయింది. పోనీలే, చూడాల్సింది చూసింది గదా. ఆ తర్వాత ఎవురొచ్చి సముద్రం ఎట్లుంటాది మద్దిలేటీ అని అడిగినా, ఆయప్ప పెండ్లాం దిక్కు చూపిచ్చి, "ఆమెను అడగండి. చూసింది ఆమె" అంటాండెనంట. అదీ సంగతి. ఇంతసేపు సముద్రం, సముద్రం అని చెప్పినా గదా మీకు, నువ్వు చూసినావా ముసలోడా అని ఒక్కరన్నా అడిగినారా? అడగల్యా, బతికించినారు. లేయండి ఇంగ, గొర్రెలకి నీళ్ళు పెట్టాల.